వదిన చేతికి మా బ్యాండ్లు

బస్సులో ఒక చేత్తో పైన కమ్మీ పట్టుకుని, రెండో చేత్తో ఫోను తీసి చూస్తే తెర మీద ఈ మాటలున్నాయి: "మీ గుండె కొట్టుకునే తీరులో తేడా కనిపిస్తోంది. వెంటనే వైద్యుణ్ణి కలవండి. మీ ఆరోగ్యం మీ చేతుల్లో." కింద ఎర్రగా గుండె బొమ్మ ఒకటి, అది కూడా టపటపా కొట్టుకుంటూ. మనిషికి చావు కబురు చెప్తూ పక్కన బొమ్మలాట ఎందుకో వీళ్ళకి! నా పై ప్రాణాలు పైనే పోయాయి.

అప్పటిదాకా నాకంటూ ఒక గుండె ఉందన్న ధ్యాసే లేదు. పొద్దస్తమానం చొక్కా కాలర్లు కుట్టేదానికి మెడ నొప్పి తెలుస్తుంది, నడుం నొప్పి తెలుస్తుంది గానీ గుండె ఎందుకు గుర్తొస్తుంది? ఆ మెసేజ్ చదివిన దగ్గర్నుంచి మాత్రం చెవుల్లో దాని చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. దిగాల్సిన స్టాపు దాటిపోయింది. వెనక్కి నడిచి వస్తూ ఒక్కో అడుగూ ఆచితూచి వేశాను, గట్టిగా వేస్తే ఏమవుతుందోనని. మా నాన్న ఒక పొద్దున చెప్పులు తొడుక్కోవడానికి కుర్చీలో కూర్చుని, ఒకటి తొడుక్కుని, రెండోది చేత్తో పట్టుకుని అలాగే వాలిపోయాడు. అప్పటికి ఆయన వయసు ఇప్పటి నా వయసే.

ఆ మెసేజ్ పంపింది మా బ్యాండు. చేతి గడియారంలా నల్లగా ఉంటుంది, టైము మాత్రం చూపించదు. మా చొక్కాల కంపెనీకి ఇన్సూరెన్సు ఇచ్చేవాళ్ళు పర్మనెంటు వాళ్ళందరికీ తలా ఒకటి పంచారు. రోజుకి ఇన్ని అడుగులని నడవాలి. నడిస్తే పాయింట్లు. పాయింట్లుంటే ప్రీమియం కంపెనీ కడుతుంది, లేకపోతే మన జీతంలో కోత. పంచిన రోజు ఒకావిడ మైకు పట్టుకుని, "జబ్బు చేశాక మందులు వాడటం కాదు, జబ్బు రాకుండా చూసుకోవడం మీ బాధ్యత" అని గంటసేపు ఊదరగొట్టింది. మేం కుట్టు మిషన్ల ముందు కూర్చునే విన్నాం. లేచి నడవమంది గానీ, మమ్మల్ని లేవనిచ్చేదెవరో చెప్పలేదు. మిషను వదిలి లేస్తే సూపర్‌వైజరు కళ్ళు చింతనిప్పులవుతాయి. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అన్నారా?

మా హాల్లో నడిచేది ఒక్క మనిషే, మా వదిన. మా అన్నయ్య భార్య. కింది అంతస్తులో గుడ్డ కత్తిరిస్తారు, పై అంతస్తులో మేం కుడతాం. కత్తిరించిన ముక్కల కట్టలు కింద నుంచి మోసుకొచ్చి మిషను మిషనుకీ అందించడం, కుట్టినవి గుండీల బల్లకి చేర్చడం, మళ్ళీ మెట్లు దిగడం ఆవిడ పని. లిఫ్టుంది, కానీ అది గుడ్డ థాన్ల కోసం. వదిన కాంట్రాక్టు మనిషి. ఆవిడకి ఇన్సూరెన్సూ లేదు, బ్యాండూ లేదు.

మొదట గుండీల మిషనామె తన మోకాలు వాచినప్పుడు, ఒక్క రోజుకే అంటూ తన బ్యాండు తీసి వదిన చేతికి తగిలించింది. ఆమెని మేమందరం గుండీలక్క అంటాం. సాయంత్రానికి ఆమె పాయింట్లు పొంగిపొర్లాయి. ఇంకేముంది, మర్నాటి నుంచి మా వరస వరసంతా అదే దారి పట్టింది. పొద్దున బట్టలు మార్చుకునే గదిలో మా ఏడుగురి బ్యాండ్లూ వదిన ముంజేతులకి ఎక్కేవి. పైన పొడుగు చేతుల పని కోటు కప్పేసేది. సాయంత్రం ఎవరిది వాళ్ళం తీసుకుని పెట్టుకునేవాళ్ళం. సూపర్‌వైజరుకి తెలుసు. హాలు మొత్తం పాయింట్లు పెరిగితే ఆవిడకే మంచి పేరు, అందుకని చూసీ చూడనట్టుండేది.

"ఏడువారాల నగలూ నాకే పెట్టారమ్మా," అని నవ్వేది వదిన. "మీ అన్న పెట్టని నగలు నువ్వు పెట్టావు. ఆడపడుచు అర్ధమొగుడంటే ఏమో అనుకున్నా!"

ఫోన్లు గేటు దగ్గర అరల్లో పెట్టి లోపలికి వెళ్ళాలి మేం. సాయంత్రం ఫోను చేతికొచ్చాకే బ్యాండు తన దగ్గరున్న లెక్కంతా దానికి అప్పజెప్తుంది. అందుకే ఆ మెసేజ్ బస్సులో వచ్చింది. అప్పటికి బ్యాండు నా మణికట్టు మీదే ఉంది. "మీ గుండె" అంది. "మీ" అని అన్నాక ఇంకొకరి సంగతి ఎవరికి తోస్తుంది? బ్యాండంటే అడుగులు లెక్కపెట్టేదనే మా అందరికీ తలకెక్కింది. అది రోజంతా నాడి కూడా పట్టుకుని కూర్చుంటుందని మైకావిడ చెప్పే ఉంటుంది, మేం వినుంటే కదా.

ఇంటికెళ్ళేసరికి మా ఆయన తలుపు తీసి, "ఏమిటి, మొహం అలా పాలిపోయింది?" అన్నాడు.

"బస్సులో రద్దీ. ఊపిరాడలేదు."

"కాసేపు పడుకో."

"పడుకోమంటావేమిటి, నాకేమైందని?" అని కసిరాను. భయమేస్తే నాకు కోపం వస్తుంది, చిన్నప్పట్నుంచీ అంతే. ఆయన వెళ్ళి స్టవ్ మీద టీకి నీళ్ళు పెట్టాడు. ఆయనకి ఉబ్బసం. మందులన్నీ నా ఇన్సూరెన్సు కార్డు మీదే వస్తాయి. ఇస్త్రీ సెక్షన్లో ఒకాయనకి షుగరుందని బయటపడగానే రిస్కు మనిషని ప్రీమియం పెంచేశారు. కొన్నాళ్ళకి ఆయన బల్ల దగ్గర ఇంకెవరో నిలబడి ఇస్త్రీ చేస్తున్నారు. ఆయనేమయ్యాడని మాలో ఒక్కరమూ అడగలేదు. ఇప్పుడు నా వంతొచ్చిందనుకున్నాను.

ఇంతలో ఫోను మళ్ళీ మోగింది. "మీ ఆరోగ్య స్కోరు తగ్గింది. రోజువారీ నడక పెంచుకుంటే మీ స్కోరు తిరిగి పెరుగుతుంది."

డాక్టరు దగ్గరికెళ్తే బయటపడుతుంది. నడక పెరిగితే స్కోరు పెరుగుతుంది. స్కోరు పెరిగితే ఎవరూ ఏమీ అడగరు. మంచం మీద వెల్లకిలా పడుకుని, గుండె మీద చెయ్యేసుకుని, చీకట్లో నేను వేసిన లెక్క ఇది. నా గుండె బాగుపడాలంటే వదిన నడవాలి! భయం పట్టిన బుర్రకి ఇందులో వింతేమీ కనపడలేదు.

మర్నాడు బట్టలు మార్చుకునే గదిలో బ్యాండు వదిన చేతికి కడుతూ మెల్లిగా అన్నాను. "వదినా, ఇవాళ్టి నుంచి కాస్త ఎక్కువ తిరగవా? నా పాయింట్లు తగ్గాయి."

వదిన నా మొహంలోకి చూసింది. "ఏమే, ఒంట్లో బాగుందా?"

"బాగానే ఉంది. తిరుగుతావా, లేదా?"

"తిరుగుతాలే మహాతల్లీ, కరవకు!"

ఎప్పుడూ చేపల బజారులా ఉండే ఆ గది ఆ రోజు చప్పుడు లేకుండా ఉంది. నా తర్వాత గుండీలక్క వదిన చెవిలో ఏదో గొణిగింది. ఆమె తర్వాత కఫ్‌లు కుట్టే అమ్మాయి వదినని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చెయ్యి పట్టుకుని బతిమాలుతున్నట్టు ఏదో చెప్పింది. నేను చూశాను, చూసి ఊరుకున్నాను. నా చావు భయం నాది. దొంగకి తేలు కుట్టినట్టు ఏడుగురం నోరు మూసుకుని తలో మూలా నిలబడి ఉన్నామని నాకేం తెలుసు?

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో చెప్పాలంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. రోజూ సాయంత్రం అదే మెసేజ్, అదే ఎర్ర గుండె. ఎడమ పక్కకి తిరిగి పడుకుంటే చచ్చిపోతానేమోనని కుడి పక్కకి తిరిగేదాన్ని, కుడి పక్కకి తిరిగితే గుండె చప్పుడు దిండులోంచి వినపడేది. మిషను మీద కాలర్ మూల తిప్పుతుంటే సూది వేలి పక్కనే దిగేది. పని మధ్యలో మణికట్టు పట్టుకుని నాడి చూసుకునేదాన్ని. ఒకసారి బాగానే ఉన్నట్టుండేది, ఇంకోసారి ఒక దెబ్బ తప్పినట్టుండేది.

వదిన కట్ట తెచ్చి నా బల్ల మీద పెట్టేటప్పుడు ఆయాసపడుతుండటం విన్నాను. నుదురంతా చెమట. మెట్ల మలుపులో కట్ట కటకటాలకి ఆనించి నిలబడి ఉండటం కూడా ఒకటి రెండు సార్లు కంటబడింది.

"ఏమైంది వదినా?"

"ఏముందే, వయసొస్తోంది. మీ అన్నకి రావట్లేదు, ఆయన వాటా కూడా నాకే వస్తోంది."

నవ్వాను కూడా. మిషన్ల చప్పుడులో ఆవిడ వెళ్ళిపోయింది, నేను మళ్ళీ నాడి పట్టుకున్నాను.

చివరికి ఇక తట్టుకోలేక, పన్ను నొప్పని అబద్ధం చెప్పి సెలవు పెట్టి ఆసుపత్రికి వెళ్ళాను. ఏ ఆసుపత్రో కూడా మెసేజ్‌లోనే ఉంది. బ్యాండు ఇచ్చినవాళ్ళకి అందులో కూడా వాటా ఉందట. భయపెట్టేదీ వాళ్ళే, ధైర్యం అమ్మేదీ వాళ్ళే. లోపల నేల అద్దంలా మెరుస్తోంది, నా చెప్పుల మురికి దాని మీద పడుతుంటే సిగ్గేసింది. కౌంటర్లో అమ్మాయి, "గుండెకి మా దగ్గర మూడు రకాల ప్యాకేజీలున్నాయి మేడం, ఏది చూపించమంటారు?" అంది. బట్టల కొట్లో కూడా అంత తియ్యగా అడగరు. "నేను బతికే రకం చూపించమ్మా," అన్నాను. ఆ పిల్ల నవ్వలేదు.

ఛాతీ మీద చల్లటి జిగురు రాసి, వైర్లు అతికించి, కాగితం తీశారు. ఆ కాగితం చేత్తో పట్టుకుని డాక్టరు గదిలో కూర్చున్నాను. కుర్రాడే, కళ్ళ కింద నిద్రలేమి కనపడుతోంది. కాగితం చూశాడు, కంప్యూటరు చూశాడు, మళ్ళీ కాగితం చూశాడు.

"మీ ఈసీజీ శుభ్రంగా ఉందండీ."

నాకు ఏడుపొచ్చినంత పనైంది. లేచి దణ్ణం పెట్టబోయాను.

"ఆగండి. మరి బ్యాండులో ఇలా లేదు." కంప్యూటరు నావైపు తిప్పాడు. గీతలు కొండల్లా లేస్తూ పడుతున్నాయి. "చూడండి, పొద్దున నుంచి సాయంత్రం దాకా లయ పూర్తిగా తప్పుతోంది. రాత్రిళ్ళు మామూలు. సెలవు రోజున మామూలు. ఈమధ్య మీరు నడక పెంచారు, అప్పట్నుంచి ఇంకా పాడైంది. ఇన్నేసి మెట్లు ఎక్కి దిగుతున్నారు, ఏం పనండీ మీది?"

"కాలర్లు కుడతాను."

"తిరుగుతూ కుడతారా?"

"లేదండీ, కూర్చునే..."

ఆ మాట దగ్గరే నోరు ఆగిపోయింది. కంప్యూటరులో ఆ కొండలు నావి కావు. నేను ఆ మెట్లు ఎక్కలేదు. మెట్ల మలుపులో కటకటాలకి ఆనుకున్న మనిషి కళ్ళ ముందు కనపడింది.

"ఇది... ఇలా ఉన్నవాళ్ళకి ఏమవుతుందండీ?"

"మీరు భయపడకండి. ఇవాళే చేరితే మందు మొదలుపెడతాం."

"మందు వెయ్యకపోతే ఏమవుతుందో చెప్పండి!" అని అరిచాను. తలుపు బయటివాళ్ళు తొంగి చూశారు.

ఆయన గొంతు తగ్గించాడు. "గుండెలో రక్తం గడ్డ కట్టొచ్చు. ఆ గడ్డ మెదడుకి చేరితే పక్షవాతం. ఒక్కోసారి ప్రాణమే పోతుంది. అందుకే ముందు ఈ మెట్లెక్కడం, బరువులెత్తడం ఆపాలి. మీ పేరు మీద మంచం కూడా రాయించాను, మీ ఇన్సూరెన్సు వాళ్ళ అనుమతి వచ్చేసింది."

"అది నా గుండె కాదండీ," అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పే ఓపిక నాకు లేదు. ఛాతీ మీద జిగురు కూడా తుడుచుకోకుండా బయటికి పరిగెత్తాను.

టాక్సీలో కూర్చుని వదినకి ఫోను చేశాను. మోగుతోంది, మోగుతోంది. గేటు దగ్గర అరలో మోగుతోంది అది, ఎవరెత్తుతారు? గేటు ఆఫీసుకి చేశాను. "పనివేళల్లో సొంత ఫోన్లు కుదరవమ్మా," అన్నాడు అవతల మనిషి. "ప్రాణం మీదికొచ్చింది, కట్టలు మోసే ఆవిణ్ణి కూర్చోబెట్టండి చాలు," అన్నాను. "కూర్చోబెట్టడమేమిటి?" అని పెట్టేశాడు. సిగ్నలు దగ్గర బండి ఆగినప్పుడల్లా నా గోళ్ళు నా అరచేతుల్లోకి దిగిపోయాయి. అన్ని రోజులు నా చావు గురించి భయపడ్డాను కదా, అదంతా ఒక భయమే కాదని అప్పుడు తెలిసింది. దేవుడా, ఆవిడ మెట్ల మీద ఉండకూడదు, ఆవిడ మెట్ల మీద ఉండకూడదు అని అదే మాట గొణుక్కుంటూ కూర్చున్నాను. డ్రైవరు అద్దంలోంచి నన్ను చూసి రేడియో కట్టేశాడు.

ఆవిడ మెట్ల మీదే ఉంది. పై మలుపులో, భుజాన స్లీవ్‌ల కట్టతో.

"పన్ను పీకించుకొచ్చావా?" అంది నన్ను చూసి. "పీకినా నోరు మాత్రం పడదు కదా నీకు."

నేను కట్ట లాగి కింద పడేశాను. "కూర్చో వదినా. ముందు కూర్చో."

"ఏం పోయేకాలమే నీకు! అవి మాసిపోతే నాకు కదా తిట్లు."

బలవంతంగా మెట్టు మీద కూర్చోబెట్టి కోటు చేతులు పైకి లాగాను. నాది పోగా మిగతా ఆరు బ్యాండ్లూ చర్మంలోకి నొక్కుకుపోయి ఉన్నాయి, కింద ఎర్రగా చారలు. ఒక్కొక్కటే విప్పి మెట్ల మీదికి విసిరేశాను. నా అరుపులకి హాలు తలుపు తెరుచుకుని గుండీలక్క వచ్చింది, ఆమె వెనక కఫ్‌ల అమ్మాయి, మిగతావాళ్ళు.

"నీకూ మెసేజ్ వచ్చింది కదూ?" అన్నాను గుండీలక్కతో.

ఆమె అటూ ఇటూ చూసింది. "గట్టిగా అనకు. పైవాళ్ళు వింటే అందరి కార్డులూ పోతాయి."

"వచ్చిందా, లేదా?"

"వచ్చింది," అంది కఫ్‌ల అమ్మాయి ఏడుస్తూ. "నాకేమో పెళ్ళి కాకుండానే చచ్చిపోతాననుకున్నా. అందుకే వదినగారిని ఇంకొంచెం నడవమన్నా."

"నేనూ అన్నాను," అంది గుండీలక్క నేల చూస్తూ. వెనక నిలబడ్డవాళ్ళని అడగలేదు. అడగాల్సిన పని కూడా లేదు. వాళ్ళ మొహాల మీద నా మొహమే ఉంది.

"ఏం మెసేజే?" అంది వదిన మా అందరి వంకా మార్చి మార్చి చూస్తూ. "నాతో చెప్పకుండా ఏమిటి మీ గుసగుసలు?"

ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? అప్పుడే సూపర్‌వైజరు లోపల్నుంచి, "మిషన్లు ఎందుకాగాయి?" అని కేకేసింది. ఆ కేక వినగానే వదిన అలవాటుగా లేచి, "వస్తున్నానండీ," అంటూ కట్టకోసం వంగింది. కుడి చెయ్యి కట్ట తాడు మీద పడింది. వేళ్ళు ముడుచుకోలేదు. మళ్ళీ పట్టుకోబోయింది. చెయ్యి జారి పక్కకి వేలాడింది. ఎవరిదో చెయ్యి తనకి తగిలించినట్టు దానికేసి విచిత్రంగా చూసుకుంది. తలెత్తి నన్ను ఏదో అడగబోయింది. నోరు ఒక పక్కకి జారిపోయింది, మాట బదులు ముద్దగా ఏదో శబ్దం వచ్చింది.

నా జన్మలో అంత భయం నేనెరగను. వదిన కళ్ళలో భయం ఇంకా ఎక్కువ. ఆవిడకి ఏం జరుగుతోందో తెలియడం లేదు, అది నాకు తెలుసు.

"లిఫ్టు తెరవండి!" అన్నాను.

"అది థాన్లకే..." అంది సూపర్‌వైజరు అలవాటుగా. అన్నాక వదిన మొహం చూసింది. తనే పరిగెత్తుకెళ్ళి లిఫ్టు తలుపు లాగింది. థాన్లు తోసే బండి మీద పడుకోబెట్టి దింపాం. గుండీలక్క వాచిన మోకాలితో మా పక్కనే పరిగెత్తింది. టాక్సీ ఇంకా గేటు దగ్గరే ఉంది, నేను డబ్బులివ్వకుండా దిగిపోయాను కాబట్టి.

ఆసుపత్రిలో ఆ కుర్ర డాక్టరు ఒక్క చూపులో పోల్చుకున్నాడు. నన్ను, నా భుజం మీద వాలిన వదినని చూసి, "మెట్లెక్కేది ఈవిడా?" అన్నాడు.

"అవునండీ."

"ఎప్పుడు మొదలైంది? సరిగ్గా గుర్తు తెచ్చుకుని చెప్పండి, దాన్నిబట్టే మందు."

"నా కళ్ళ ముందే. ఇప్పుడే. తిన్నగా ఇక్కడికే తెచ్చాం."

"స్కానింగుకి తీసుకెళ్ళండి," అని నర్సులకి చెప్పి తనూ వెనకే పరిగెత్తాడు. తలుపులు మూసుకున్నాయి.

అప్పుడు నీలం కోటు వేసుకున్న ఒకావిడ వచ్చింది. ఇన్సూరెన్సు వ్యవహారాలు చూసేది. చాలా మర్యాదగా కూర్చోమంది. "పేషెంటుకి కార్డుందా?"

"లేదండీ. కాంట్రాక్టు మనిషి."

"మీ పేరు మీద మంచం ఉంది. కానీ మీరు పేషెంటు కాదు కదా."

"పొద్దున దాకా నేనే," అన్నాను. "మీ కంప్యూటరులో ఉన్న గుండె ఆవిడది. పేరు నాది, బ్యాండు నాది, గుండె ఆవిడది. నా ఒక్కదాని పేరు మీదే కాదు, ఇంకా ఆరుగురి పేర్ల మీద కూడా అదే గుండె ఉంది."

వెనక నిలబడ్డ గుండీలక్క ఊపిరి బిగబట్టడం వినపడింది.

ఆవిడ పెన్ను పక్కన పెట్టింది. "మేడం, మీరేమంటున్నారో తెలుసా? ఇది రాసుకున్నానంటే మీ పాలసీ రద్దవుతుంది. మీ కుటుంబంలో అందరిదీ. మీ కంపెనీకి కూడా చెప్తారు. కాసేపు ఆలోచించుకుని చెప్పండి." మంచి మనిషే, నా మంచికే చెప్పింది. మా ఆయన రాత్రిళ్ళు కూర్చుని ఊపిరి కోసం తన్నుకోవడం కళ్ళ ముందు కనపడింది. ఇస్త్రీ ఆయన ఖాళీ బల్ల కనపడింది. నోరు మూసుకుంటే పోయేదేముంది, ఎలాగో తిప్పలు పడి డబ్బు కట్టుకోవచ్చు అని కూడా అనిపించింది. అనిపించలేదంటే అబద్ధం.

"ఆవిడ గుండె ఇన్నాళ్ళూ ఎప్పుడెప్పుడు తప్పిందో అంతా మీ దగ్గరుంది," అన్నాను. "అది ఆవిడదని డాక్టరుకి తెలిస్తే పనికొస్తుందా?"

"పనికొస్తుంది," అంది ఒప్పుకోలుగా.

"అయితే రాసుకోండి. నా సంగతి నేను చెప్తున్నాను. మిగతావాళ్ళ పేర్లు నన్నడక్కండి."

గుండీలక్క ముందుకొచ్చింది. నా వంక చూడలేదు. "నాది కూడా రాయండి," అని పక్కనున్న కుర్చీలో కూలబడింది. ఆమె చేతిలో వదిన చెప్పులున్నాయి, ఎక్కడ జారిపోయాయో, ఎప్పుడేరిందో.

అన్నయ్య లారీ మీద ఎక్కడో దూరాన ఉన్నాడు. ఫోను కలిసింది, బయల్దేరానన్నాడు. మా ఆయన వచ్చి నా పక్కన కూర్చున్నాడు. జరిగిందంతా చెప్పాను. "కార్డు పోయిందా?" అనొక్కటే అడిగి, నా చెయ్యి పట్టుకున్నాడు.

పొద్దు వాలుతుండగా డాక్టరు బయటికొచ్చాడు. గడ్డ కరిగిందట. ప్రాణానికి గండం తప్పినట్టేనట, చెయ్యి ఎంతవరకు తిరిగొస్తుందో మాత్రం ఇప్పుడే చెప్పలేనన్నాడు. మాట వస్తోంది కానీ మెల్లిగా వస్తోంది, ఎక్కువ మాట్లాడించొద్దన్నాడు. ఒక్కరే లోపలికి వెళ్ళాలన్నారు.

వదిన కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. మూతి ఇంకా కొంచెం వంకరగా ఉంది. ఛాతీ నిండా వైర్లు, అచ్చం పొద్దున నాకు అతికించినట్టే. మంచం పక్కన పెట్టెలో గీత లేస్తూ పడుతూ పోతోంది. దాన్ని ఇన్నాళ్ళూ నాదనుకున్నాను. కుర్చీ లాక్కుని కూర్చున్నాను గానీ ఆవిడ కళ్ళలోకి చూసే ధైర్యం లేకపోయింది. దుప్పటి అంచు పట్టుకుని చెప్పాను, అంతా చెప్పాను. గుండె నీదే వదినా, మెసేజ్ మాకొచ్చింది. ఒక్కటి కాదు, రోజూ వచ్చింది. నా గుండే అనుకుని హడలిపోయి నీచేత ఇంకా ఎక్కువ నడిపించాను. నాకు ఏ జబ్బూ లేదు వదినా, రాయిలా ఉన్నాను.

వదిన తల తిప్పి పెట్టెకేసి చూసింది. గీత పోతూనే ఉంది. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను.

"తెలుసే," అంది చివరికి.

"ఏం తెలుసు?"

"నీకు... ఒంట్లో బాలేదని." ఒక్కో మాటా కూడబలుక్కుని, మధ్యలో ఊపిరి తీసుకుంటూ చెప్పింది. "మొహం చూస్తే... తెలీదా. అడిగితే... కరుస్తావు. అందుకే... తినే వేళ కూడా... మెట్లెక్కాను. నీకు తగ్గుతుందేమోనని."